ఒక రోజు తప్పినా వ్యాయామం తప్పకుండా: ఫోన్‌ను వాడుకోవడం ఎలా?

నా ఫోన్‌లో ఒక ఎక్సర్‌సైజ్ యాప్ ఉండేది. రోజూ చేస్తే ఒక నిప్పు బొమ్మ, దాని పక్కన వరసగా ఎన్ని రోజులు చేశామో అంకె. ఆ అంకె 41 దాకా వెళ్లింది. మర్నాడు జ్వరం. మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు యాప్ తెరిస్తే బొమ్మ బూడిద రంగుకు తిరిగి, పక్కన సున్నా కూర్చుని ఉంది. నలభై ఒక్క రోజుల కష్టం ఎటు పోయిందని ఒళ్లు మండి మూసేశాను. మళ్లీ దాన్ని ముట్టుకున్నది మూడు నెలల తర్వాత, ఫోన్‌లో చోటు చాలక తీసేయడానికి.

జ్వరం తిన్నది మూడు రోజులు. మిగతా మూడు నెలలూ తిన్నది ఆ సున్నా.

అప్పటి నుంచి ఏ యాప్ వేసుకున్నా, ఏ గ్రూప్‌లో చేరినా ఒకటే చూస్తాను: రోజు తప్పాక మనిషిని వెనక్కి పిలిచే ఏర్పాటు ఇందులో ఉందా? మొదలుపెట్టించడం అన్ని యాప్‌లకూ తెలుసు. ఆరంభశూరత్వానికి మనకూ కొదవ లేదు. ఇక్కడ చెప్పేవి మీ ఒక్కరికైనా, ఇంట్లోవాళ్లనో స్నేహితులనో కలుపుకొని చేయాలనుకున్నా పనికొస్తాయి. కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. ఫోన్, అందులో ఇప్పటికే ఉన్న క్యాలెండర్, ఒక మెసేజింగ్ యాప్ చాలు.

1. యాప్ వెతికే ముందు రెండు వాక్యాలు రాయండి

ఫోన్ పక్కన పెట్టి కాగితం తీసుకోండి. ఏ రోజుల్లో, ఏ పని అయిన వెంటనే, ఎక్కడ, ఏం చేస్తారో ఒక్క వాక్యంలో రాయండి. ‘సోమ, బుధ, శుక్రవారాల్లో పళ్లు తోముకోగానే చెప్పులు మార్చుకుని ఇరవై నిమిషాలు నడుస్తాను’ అన్నట్టు. ‘రేపటి నుంచి బాగా వ్యాయామం చేయాలి’ అన్నది వాక్యమే కానీ దాన్ని పట్టుకుని ఏ అలారమూ పెట్టలేం.

ఇలా రాసుకోవడం చాదస్తంగా అనిపించవచ్చు. 2002లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ హెల్త్ సైకాలజీలో 248 మంది విద్యార్థుల మీద చేసిన ఒక పరిశోధన వచ్చింది. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ చేస్తారో రాసిచ్చినవాళ్లలో 91 శాతం మంది ఆ తర్వాతి వారంలో కనీసం ఒక్కసారి వ్యాయామం చేశారు. వ్యాయామం చేస్తే గుండెకు ఎంత మంచిదో చదివించి వదిలేసినవాళ్లలో 35 శాతం మందే చేశారు. ఏమీ చెప్పనివాళ్లలో 38 శాతం. అంటే ఉపదేశం విన్నవాళ్లు, విననివాళ్లు దాదాపు ఒకటే. ఈ లెక్క చూశాక నేను గ్రూపుల్లోకి ఆరోగ్య సూక్తులు పంపడం మానేశాను.

రెండో వాక్యం చెడ్డ రోజుల కోసం. ఒంట్లో బాగోలేని, పని మీద పడిన, నిద్ర చాలని రోజున ఏం చేస్తారు? ‘ఐదు నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడుస్తాను’ లేదా ‘పది గుంజీళ్లు తీస్తాను’. నవ్వొచ్చేంత చిన్నదిగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత మార్గదర్శకాల్లో, వ్యాయామం ఒక విడతకు కనీసం 10 నిమిషాలు సాగితేనే లెక్క అనే షరతు ఉండేది. 2020లో వచ్చిన కొత్తవాటిలో దాన్ని తీసేశారు. ఎంత చేసినా చేసినట్టే.

ఇక ఎక్కడికి చేరాలి అంటే, అదే మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దానితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పే కసరత్తు. 65 దాటినవాళ్లు పడిపోకుండా బ్యాలెన్స్ కుదిరే కసరత్తులు వారానికి మూడు రోజులు కూడా చేయాలి. మధ్యస్థం అంటే ఎంత? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంతే. దీనికి యాప్ అక్కర్లేదు. మొదటి వారమే 150కి పరుగెత్తకండి. మీరు చేయగలననుకున్నదాంట్లో సగంతో మొదలుపెట్టండి.

గుండె జబ్బు, బీపీ, ఛాతీలో నొప్పి, తల తిరిగి పడిపోవడం, కీళ్ల బాధ లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. పార్-క్యూ ప్లస్ అనే ప్రశ్నల పత్రం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మొదటి పేజీలో ఏడు ప్రశ్నలే ఉంటాయి. దేనికైనా ‘అవును’ అని వస్తే తర్వాతి పేజీలు కూడా నింపి, అవి చెప్పినట్టు నడుచుకోండి.

2. ఒక్క లెక్క పెట్టుకోండి, దాన్ని ముందు పరీక్షించండి

అడుగులు, నిమిషాలు, కిలోమీటర్లు, క్యాలరీలు, నిద్ర, గుండె వేగం అన్నీ చూపిస్తుంది ఫోన్. అన్నీ చూస్తూ కూర్చుంటే చూడటమే ఒక పని అవుతుంది. ఒక్కటి ఎంచుకోండి. నా ఓటు ‘వారంలో ఎన్ని రోజులు’కే. అది ఎవరికైనా అర్థమవుతుంది, మోసం చేయడం కష్టం, ముసలివాళ్లకూ కుర్రవాళ్లకూ ఒకేలా వర్తిస్తుంది. నడకే మీ వ్యాయామమైతే అడుగులు పెట్టుకోండి. కానీ ఆ అంకెను నమ్మే ముందు ఒకసారి పరీక్షించాలి.

మా పెదనాన్న రోజూ పొద్దున అరగంట నడిచేవారు. ఫోన్‌లో అడుగుల యాప్ వేసిచ్చాం. వారం తర్వాత చూస్తే రోజుకు రెండు మూడు వందల అడుగులు. ‘నా నడక నడకే కాదన్నమాట’ అని ఆయన చిన్నబుచ్చుకున్నారు. తీరా చూస్తే, బ్యాటరీ ఆదా చేయడానికి ఫోన్ ఆ యాప్‌ను వెనకాల నిద్రపుచ్చుతోంది. ఆయన తెరిచి చూసిన కాసేపే అది లెక్కపెడుతోంది.

కాబట్టి ఇలా చేయండి. యాప్ వేశాక అది ‘ఫిజికల్ యాక్టివిటీ’ అనుమతి అడుగుతుంది, ఇవ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, ఆ యాప్‌ను తెరిచి, బ్యాటరీ అన్నచోట ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. ఫోన్ కంపెనీని బట్టి ఆ మాట కొంచెం మారుతుంది. ఐఫోన్‌లో హెల్త్ యాప్ తనంతట తానే లెక్కపెట్టుకుంటుంది. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, నోటితో లెక్కపెడుతూ సరిగ్గా 100 అడుగులు నడవండి. అంకె వెంటనే మారకపోవచ్చు, ఒక నిమిషం ఆగి చూడండి. 90కీ 110కీ మధ్య ఉంటే చాలు. చేతి వాచీ అయితే ఇంకో తిరకాసు ఉంది. పిల్లల బండినో సామాను తోపుడుబండినో తోస్తూ నడిస్తే చెయ్యి ఊగదు కాబట్టి చాలా అడుగులు లెక్కకు రావు. అలాంటి నడకకు ఫోన్ జేబులో ఉండటమే మేలు.

10,000 అడుగుల సంగతి కూడా తేల్చుకుందాం. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాంపోకేయ్, అంటే పదివేల అడుగుల మీటరు. అమ్ముకోవడానికి పెట్టిన ఆ పేరే తర్వాత ఆరోగ్య సూత్రమై కూర్చుంది. 2019లో అమెరికాలో సగటు వయసు 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీల మీద చేసిన పరిశోధన వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక ఆ తేడా పెరగలేదు. మీ యాప్‌లో 10,000 అని ముందే రాసి ఉంటే మార్చేయండి. ఈ వారం మీ సగటు ఎంతో చూసి, దానికి ఒక 500 కలిపి లక్ష్యంగా పెట్టుకోండి.

క్యాలరీల అంకెను మాత్రం పట్టించుకోకండి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు 2017లో ఏడు రకాల చేతి పరికరాలను పరీక్షిస్తే, గుండె వేగాన్ని ఏడింటిలో ఆరు బాగానే చెప్పాయి. క్యాలరీల్లో అన్నిటికన్నా మెరుగైనది కూడా 27 శాతం తేడా చూపించింది. అన్నిటికన్నా చెడ్డది 93 శాతం. ‘ఇవాళ 400 ఖర్చయ్యాయి కదా’ అని దాన్ని చూసి ప్లేటు నింపుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మరి వాచీ కొనాలా? 2016లో ఒక అమెరికన్ పరిశోధన, బరువు తగ్గాలనుకునే 471 మంది యువతను రెండేళ్లు గమనించింది. పరికరం కట్టుకున్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గారు, కట్టుకోకుండా తమ లెక్క తామే రాసుకున్నవాళ్లు 5.9 కిలోలు. ఉంటే వాడండి. లేదని మాత్రం ఆగకండి.

3. రెండు అలారాలు: ఒకటి చేయడానికి, ఒకటి తప్పినందుకు

చాలామంది పెట్టుకునేది ఒకే అలారం. అది మోగినప్పుడు ఫోన్ కాల్‌లోనో స్నానంలోనో ఉంటే ఆ రోజు అయిపోయినట్టే.

క్యాలెండర్ యాప్ తెరిచి, మీ మొదటి వాక్యంలో రాసిన రోజులకు రిపీట్ అయ్యేలా ఒక ఈవెంట్ పెట్టండి. దానికి ‘వ్యాయామం’ అని పేరు పెట్టకండి. ఆ మాట చూడగానే బద్ధకం మేలుకుంటుంది. చేయాల్సిన మొట్టమొదటి చిన్న పని పేరు పెట్టండి: ‘బూట్లు వేసుకో’, ‘చాప పరుచు’. బూట్లు వేసుకున్న మనిషి మళ్లీ విప్పి పడుకోవడం అరుదు.

రెండో ఈవెంట్ అదే రోజు సాయంత్రానికి. పేరు: ‘పొద్దున కుదరలేదా? ఐదు నిమిషాలు చాలు’. పొద్దున చేసేసి ఉంటే దాన్ని పక్కకు తోసేయండి, అదో చిన్న ఆనందం. చేయకపోతే మీ రెండో వాక్యంలోని చిన్న పని అప్పుడు చేయండి. వీటితోపాటు వారంలో ఒక రోజును ఖాళీగా ఉంచి, క్యాలెండర్‌లో ‘బాకీ రోజు’ అని రాసుకోండి. వారంలో తప్పినదేదైనా ఉంటే ఆ రోజు తీరుతుంది. బాకీ లేకపోతే విశ్రాంతి.

ఈ రెండో అలారం మీద నాకు అంత గురి ఎందుకంటే, 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన. అమెరికాలో ఒక జిమ్‌ల సంస్థలో సభ్యులుగా ఉన్న 61,293 మంది మీద, మనుషులను జిమ్‌కు రప్పించే 54 రకాల కార్యక్రమాలను నాలుగేసి వారాలు నడిపి చూశారు. అన్నిటికన్నా బాగా పనిచేసింది, ఒకసారి తప్పాక మళ్లీ వచ్చినవాళ్లకు అదనంగా కొద్దిపాటి పాయింట్లు ఇచ్చిన కార్యక్రమం. రాకపోకలు 27 శాతం దాకా పెరిగాయి. నా నిప్పు బొమ్మ యాప్ చేసినదానికి సరిగ్గా ఉల్టా అన్నమాట. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా బయటపడింది: నాలుగు వారాల కార్యక్రమం ఆగిపోయాక చాలావాటి ప్రభావం కూడా ఆగిపోయింది. అందుకే నెల కాగానే ‘ఇక అలవాటైపోయింది’ అని అలారాలు తీసేయకండి.

అలవాటు 21 రోజుల్లో పడుతుందని ఎక్కడో చదివి ఉంటారు. లండన్‌లో 96 మందిని 12 వారాలు గమనించి, 2009లో ఆన్‌లైన్‌లో ప్రచురించిన పరిశోధనలో సగం మందికి పట్టిన కాలం 66 రోజులు. తొందరగా అలవాటైనవాళ్లకు 18, ఆలస్యమైనవాళ్లకు 254 రోజులు పడుతుందని లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని కూడా అందులోనే ఉంది.

ఒక హెచ్చరిక. మూడు రోజులు వరసగా ఒకే నోటిఫికేషన్‌ను చూడకుండానే తోసేశారంటే అది చచ్చిపోయినట్టే. టైమైనా మార్చండి, మోతైనా మార్చండి. ఎక్సర్‌సైజ్ యాప్ పంపే ‘మీ కోసం ఎదురుచూస్తున్నాం’ లాంటి మెసేజ్‌లన్నీ ఆపేయండి. మీ ఫోన్‌లో వ్యాయామం గురించి మోగేవి మీరు పెట్టుకున్న ఆ రెండే అయి ఉండాలి.

4. నలుగురిని కలపండి, కానీ గ్రూప్‌ను ఇలా నడపండి

అన్నిటికన్నా బలమైన ఏర్పాటు ఇదే. అన్నిటికన్నా తొందరగా పాడయ్యేదీ ఇదే. నాలుగేళ్లలో మూడు గ్రూపులు నడిపాను, రెండు చచ్చిపోయాయి. మూడోది నడుస్తోంది.

మొదటి గ్రూప్‌లో ఇరవై ముగ్గురం. ఎవరు ఎక్కువ అడుగులు వేస్తే వాళ్ల పేరు పైన. మొదటి వారం సందడే సందడి. రెండో వారానికి పైనున్న ముగ్గురు తప్ప మిగతావాళ్లు నోరెత్తడం మానేశారు. మా బావ ఒకాయన టీవీ చూస్తూ ఫోన్‌ను చేత్తో ఊపుతూ అడుగులు పెంచుతున్నాడని అక్క పట్టించాక పోటీకి అర్థమే లేకుండా పోయింది.

రెండో గ్రూప్ పోయింది ఒక్క మెసేజ్‌తో. వదిన రెండు రోజులు ఏమీ రాయలేదు. ఎవరో అందరి ముందూ ‘ఏంటి వదినా, అప్పుడే డుమ్మానా?’ అని, పక్కన నవ్వు బొమ్మలు మూడు. సరదాకే. వదిన ఏమీ అనలేదు. వారం తర్వాత చూస్తే గ్రూప్‌లో లేరు. ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు. తర్వాత తెలిసింది, ఆ రెండు రోజులూ వాళ్ల అమ్మగారిని ఆసుపత్రిలో చేర్చారట.

ఇప్పుడున్న గ్రూప్ పద్ధతి ఇది. మీకు నచ్చినట్టు మార్చుకోండి.

ఐదారుగురికి మించవద్దు. ఉన్న కుటుంబం గ్రూప్‌లోనే కానివ్వొచ్చులే అనుకోకండి, పెళ్లి ఫొటోల మధ్య అది కొట్టుకుపోతుంది. కొత్త గ్రూప్ పెట్టి, డిస్క్రిప్షన్‌లో మూడే ముక్కలు రాయండి: చేసిన రోజు నిమిషాల అంకె ఒక్కటి రాయాలి. ఫార్వర్డ్‌లు, శుభోదయాలు, బరువు ముచ్చట్లు వద్దు. తప్పినవాళ్లను ఇక్కడ అడగకూడదు.

చేసినవాళ్లు ‘20’ అని రాస్తారు. అంతే. ఫొటో అక్కర్లేదు, రుజువు అక్కర్లేదు. ఐదు నిమిషాలు చేస్తే ‘5’. మా గ్రూప్‌లో ‘5’కు వచ్చినన్ని చప్పట్లు ‘60’కి రావు. ఎందుకంటే ‘5’ రాసినవాళ్లు ఆ రోజు ఎంత కష్టం మీద చేశారో అందరికీ తెలుసు.

ఆదివారం సాయంత్రం అడ్మిన్ ఒక పోల్ పెడతారు: ‘వచ్చే వారం ఎన్ని రోజులు?’ ఆప్షన్లు 2, 3, 4, 5. ఒకరు ఒకటే ఎంచుకునేలా, ఒకటికి మించి జవాబులిచ్చే సౌకర్యాన్ని ఆపేయండి. ఎవరికి వాళ్లు ఎంచుకున్న అంకెతోనే వాళ్లకు పోటీ. రెండు అన్నవాళ్లు రెండు చేస్తే గెలిచినట్టే. నాలుగు అని మూడు చేసినవాళ్లను ఏమీ అనం, తర్వాతి పోల్‌లో వాళ్లే మూడు ఎంచుకుంటారు.

ఇక అసలు కీలకం: జంటలు. ఆరుగురిని మూడు జంటలు చేయండి. జంటలో ఒకరు వరసగా మూడు రోజులు కనబడకపోతే రెండోవాళ్లు విడిగా పలకరించాలి. ఎలా పలకరిస్తారన్నదాని మీదే అంతా ఉంది. వదిన మళ్లీ రావడానికి కారణమైన మెసేజ్ ఇదిగో, నేను పంపింది కాదు, మా చెల్లెలు పంపింది:

‘వదినా, అంతా బాగానే ఉన్నారా? రేపు ఆరింటికి నేను ఓ పది నిమిషాలు నడుస్తున్నా. ఒక్కదాన్నే తోచదు. మీరూ మీ ఇంట్లో నడుస్తుంటే ఫోన్‌లో మాట్లాడుకుందామా?’

ఇందులో ‘ఎందుకు మానేశారు’ లేదు. ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఉంది. అడుగుతున్నది కూడా తనకు తోడు రమ్మనే. ఆ మర్నాడు ఇద్దరూ పది నిమిషాలనుకుని నలభై నిమిషాలు నడిచారు. అందులో వ్యాయామం ఎంతో, కబుర్లెంతో నాకు తెలియదు.

లెక్క కోసం ఆన్‌లైన్‌లో అందరూ నింపగలిగే ఒక షీట్ పెట్టుకోండి. గూగుల్ షీట్స్ చాలు. నిలువు వరసల్లో పేర్లు, అడ్డం వరసల్లో తేదీలు, గడిలో నిమిషాలు. షేర్ చేసేటప్పుడు ‘లింక్ ఉన్న ఎవరైనా’ అన్నది కాకుండా ఆ ఐదారుగురి మెయిల్ ఐడీలే ఇవ్వండి. తప్పిన రోజు గడిని ఖాళీగా వదిలేయండి. ఎర్ర రంగు వద్దు, సున్నా అసలే వద్దు. రెండు మూడు రోజుల ఖాళీ తర్వాత మళ్లీ అంకె రాసినవాళ్లు దాని పక్కన ఒక చుక్క గుర్తు పెట్టుకుంటారు. నెలాఖరున మేం లెక్కపెట్టేది ఆ చుక్కలనే.

5. కలిసి చేయాలంటే వీడియో కాల్

వారానికి ఒకసారైనా వీడియో కాల్‌లో కలిసి చేస్తే గ్రూప్‌కు ప్రాణం ఉంటుంది. కొన్ని చిన్న సంగతులు ముందే తెలిస్తే మొదటి రోజే చిరాకు పడరు. ఫోన్‌ను మోకాలి ఎత్తులో దేనికైనా ఆనించి, ఆరేడు అడుగుల దూరంలో నిలబడితే మనిషి మొత్తం కనబడతాడు. వెనక కిటికీ ఉంటే నీడే కనబడుతుంది, వెలుతురు ఎదురుగా ఉండాలి. గొంతు అందరికీ ఒకేసారి చేరదు, కాబట్టి అందరూ కలిసి ‘ఒకటి, రెండు’ అని లెక్కపెడితే గందరగోళమే. ఒకరే లెక్కపెట్టాలి, మిగతావాళ్లు మ్యూట్. ఉచితంగా వాడితే జూమ్‌లో గ్రూప్ కాల్ 40 నిమిషాలకు ఆగిపోతుంది. అది మంచిదే, ఇరవై నిమిషాల కసరత్తు, పది నిమిషాల మాటలకు సరిపోతుంది. కెమెరా ముందు చేయడానికి మొహమాటపడేవాళ్లను కెమెరా ఆపుకోనివ్వండి.

6. వీడియోలు వెతకడం వ్యాయామం కాదు

పొద్దున చాప పరిచి ‘ఇవాళ ఏ వీడియో చేద్దాం’ అని యూట్యూబ్ తెరిచారా, అయిపోయింది. పావుగంట తర్వాత చాప మీద కూర్చుని ఎవరో ఇల్లు కట్టుకోవడం చూస్తుంటారు. వెతకడం ఆదివారం చేయండి. మూడు వీడియోలు చాలు: ఇరవై నిమిషాలది ఒకటి, పది నిమిషాలది ఒకటి, ఐదు నిమిషాలది ఒకటి. వాటితో ఒక ప్లేలిస్ట్ చేసుకుని ఆటోప్లే ఆపేయండి. నేర్పేవాళ్లు వార్మప్ చేయిస్తున్నారా, మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకు తేలిక పద్ధతి చూపిస్తున్నారా, ఎక్కడ ఆపాలో చెబుతున్నారా చూసుకోండి. ‘వారంలో పొట్ట మాయం’ అన్నవాళ్లను వదిలేయండి.

పరుగు నేర్చుకోవాలనుంటే కౌచ్ టు 5కె అనే తొమ్మిది వారాల పద్ధతి ఉంది. 1996లో జాష్ క్లార్క్ అనే ఆయన తయారుచేశాడు. ఇప్పుడు దాని మీద బోలెడు యాప్‌లున్నాయి. వారానికి మూడు రోజులే. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచాక, 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక మార్చి మార్చి 20 నిమిషాలు. ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు నడవాలో చెవిలో యాప్ చెబుతుంది. మధ్యలో వారం తప్పితే ముందుకు దూకకండి, వెనక్కి ఒక వారం వెళ్లి అక్కడి నుంచి అందుకోండి. ఏ వారాన్నైనా రెండుసార్లు చేయొచ్చు.

బోర్ కొట్టకుండా ఒక కిటుకు. మీకు బాగా ఇష్టమైన ఆడియో కథో పాడ్‌కాస్టో ఒకటి ఎంచుకుని, దాన్ని నడకలో తప్ప ఇంకెక్కడా విననని పెట్టుకోండి. ‘తర్వాత ఏమైంది’ అన్న తహతహే బయటికి లాగుతుంది. దీని మీద కూడా 2014లో ఒక పరిశోధన వచ్చింది, జిమ్‌లో మాత్రమే వినేలా ఆడియో పుస్తకాలు ఇచ్చి చూశారు. మొదట్లో బాగా వచ్చినవాళ్లే, మధ్యలో పండగ సెలవులు రాగానే మళ్లీ జారిపోయారు. కాబట్టి సెలవుల నుంచి తిరిగొచ్చే రోజుకు కొత్త కథ ఒకటి అట్టిపెట్టుకోండి. రోడ్డు మీద నడిచేటప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచుకోవడం మరవకండి.

7. మీరు నడిచే దారి ఊరందరికీ తెలియక్కర్లేదు

జీపీఎస్‌తో దారి గీసే యాప్‌లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశారో కూడా చూపిస్తాయి. సాధారణంగా అది మీ ఇల్లే. స్ట్రావా అనే యాప్ తన వాడుకదారులు తిరిగిన దారులన్నీ కలిపి ప్రపంచ పటం విడుదల చేస్తే, అందులో సైనిక స్థావరాల ఆనవాళ్లు కూడా కనబడుతున్నాయని 2018 జనవరిలో పెద్ద గొడవ అయింది. సైనికులే పొద్దున పరుగుల్లో గీసిన గీతలవి. అలాంటి యాప్ వాడుతుంటే ప్రైవసీ సెట్టింగ్స్‌లో మొదలు, చివర దాచేయండి, ‘నాకు మాత్రమే’ అని పెట్టుకోండి. చీకట్లో ఒంటరిగా వెళ్లేటప్పుడు మాత్రం ఇంట్లో ఒక్కరికి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ గంటసేపు పంపండి.

8. తిరిగొచ్చే రోజును ముందే రాసి పెట్టుకోండి

ప్రయాణం, పరీక్షలు, ఇంట్లో శుభకార్యం లాంటివి ముందే తెలుస్తాయి. వెళ్లే ముందే క్యాలెండర్‌లో తిరిగొచ్చాక రెండో రోజున ‘ఐదు నిమిషాలు’ అని ఒక ఈవెంట్ పెట్టండి. మొదటి రోజు వద్దు, ఆ రోజు బట్టలు ఉతుక్కోవడంతోనే సరిపోతుంది. జ్వరం లాంటివి చెప్పి రావు. వాటికి మీ జంటకు ముందే చెప్పి ఉంచండి: ‘నాకు ఒంట్లో బాగోలేదంటే వారం తర్వాత పలకరించు’. జ్వరం తగ్గి, ఓపిక వచ్చాకే మొదలుపెట్టండి, మామూలుగా చేసేదాంట్లో సగంతో. వరస రోజులు లెక్కపెట్టే యాప్ వాడుతుంటే, ఆ లెక్కను కాసేపు ఆపి ఉంచే ‘పాజ్’ లాంటిది ఉందేమో చూడండి. లేకపోతే ఆ అంకె కనబడకుండా దాచేయండి, దాచడం కుదరకపోతే యాప్‌నే మార్చండి.

నెలకోసారి ఒక పావుగంట కూర్చుని, ఈ నెలలో ఒక్కసారి కూడా తెరవని యాప్‌లు తీసేయండి. వ్యాయామం కోసం నా ఫోన్‌లో ఇప్పుడు మిగిలినవి క్యాలెండర్, షీట్, గ్రూప్, మూడు వీడియోల ప్లేలిస్ట్. పోయిన నెల షీట్‌లో నా వరసలో తొమ్మిది గడులు ఖాళీగా ఉన్నాయి. పదో గడిలో ‘5’, పక్కన ఒక చుక్క. దాని కింద మర్నాటి గడిలో ‘12’.